నోటిమాటకు నకలు లేదు

మా డిండోలి తెలుగువాళ్ళలో కొందరిది ఒక గట్టి నమ్మకం: మన ప్రాంతంవాడు కలెక్టరయితే నిజాయితీగా ఉంటాడని. మరి తమిళుడైన ఎస్.ఆర్. శంకరన్ ఆంధ్రప్రదేశ్‌లో వెట్టిచాకిరి నిర్మూలనకు పాటుపడ్డారు కదండీ! పుట్టిన ఊరు నిజాయితీకి రుజువు కాదు.

ఢిల్లీ ముద్రా రుజువు కాదు. 1949 అక్టోబరు 10న రాజ్యాంగసభలో పటేల్ అఖిల భారత సర్వీసులను సమర్థిస్తూ, అధికారి తన అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పగలగాలన్నారు. ఐఏఎస్ అధికారిని ఉద్యోగంలోంచి తీసేసే అధికారం రాష్ట్రానికి లేదు. బదిలీ చేసే అధికారం ఉంది. భయమంతా అక్కడే.

ప్రజలెన్నుకున్న రాష్ట్ర ప్రభుత్వం మాట అధికారి వినాల్సిందే. అయితే ఆ మాట కాగితం మీదికి రావాలి. 2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే: నోటి ఆదేశాలను నమోదు చేయాలి, అధికారికి కనీస పదవీకాలం ఉండాలి.

రక్షణ ఖాతాల శాఖలో మేము, బిల్లు పంపిన కమాండరు కింద పనిచేసేవాళ్ళం కాదు. అభ్యంతరం రాయగలిగింది అందుకే, మేమేదో మహాత్ములమని కాదు.

అధికారి మంచివాడా అని వాదించుకునే బదులు, ఆదేశం ఫైల్లో ఉందా అని అడగండి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. కానీ నోటిమాటకు నకలు ఎవరిస్తారు?