అంతర్వేది రేవున నొక తెరచాప

కోనసీమలో కాపురముండువారికి నీరు క్రొత్తది కాదు. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. ఈ నీళ్ల నడుమ కొబ్బరితోటల నీడలో మా సంసారములు సాగుచున్నవి. అయినను నిజము చెప్పవలసివచ్చిన, మాలో పెక్కుమంది స్త్రీలకు నీరన్న భయమే. పదునైదేండ్ల కాపురములో మే మెన్నిమారులు రేవు దాటితిమో లెక్కలేదు గాని, ప్రతిమారును పంటు నడుమ కూర్చుండి, కన్నులు మూసికొని, ఆవలియొడ్డు తగులువరకు దైవమును తలచుకొనుటయే మా యలవాటు. మా అత్తగారి భయమునకు కారణము వేరు. ఆమె చిన్నతనమున ఆమె మేనత్త పడవ తలక్రిందై గోదావరిలో పోయినదట. ఆ మాట చెప్పునప్పుడు నేటికిని ఆమె గొంతు బొంగురుపోవును.

గడచిన మాఘమాసమున, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణపు రద్దీ తగ్గిన పిమ్మట, మేము సకుటుంబముగా అమలాపురమునుండి రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదికి పోయితిమి. దర్శనమైన తరువాత అన్నాచెల్లెళ్ల గట్టు చూడవలెనని మా పండ్రెండేండ్ల అమ్మాయి పట్టుపట్టెను. నదీజలమును సముద్రజలమును రెండు రంగులుగా కలియు చోటు అది. ఒక జాలరి పడవ కుదుర్చుకొంటిమి. అత్తగారు మాత్రము ఒడ్డుననే నిలిచిపోయిరి.

చిన్న పడవ, అడుగు చదును, ప్లాస్టికు పట్టాలను అతికి కుట్టిన తెరచాప. ప్రొద్దుటిగాలి నేలమీదినుండి సముద్రమువైపు వీచుచుండుటచే పడవ చప్పుడు లేక సాగిపోయెను. తిరిగి రావలసినప్పుడు పడవవాడు తెరచాప దింపి తెడ్డు చేపట్టెను. "గాలికెదురు ఈ పడవ ఎక్కదండి అమ్మగారూ! చాప ఎత్తితే పక్కకి జారిపోద్దండి" అనెను.

మా అమ్మాయి ఊరకుండునా? "నాన్నగారూ! తారిణి పడవ ప్రపంచమంతయు చుట్టివచ్చినది గదా! దానికెప్పుడును వెనుకగాలియే వీచినదా?" అని యడిగెను. దాని నోటు పుస్తకపు అట్టమీద ఆ పడవ బొమ్మ అంటించియున్నది.

ఒడ్డు చేరిన పిదప మా యింటివారు ఇసుకలో గీతలు గీసి చెప్పిన సంగతులు పాఠకసోదరీమణులకును చెప్పుచున్నాము. తడిసిన చింతగింజను రెండు వ్రేళ్ల నడుమ నొక్కినచో ముందుకు ఎగిరిపోవును గదా! సముద్రపు తెరచాప పడవ గాలికెదురు పోవుటయు అట్టిదే. ప్రక్కవాటుగా వచ్చిన గాలి తెరచాపను త్రోయును. పడవ అడుగున నీటిలోనికి దిగియుండు కీల్ అను లోతైన రెక్క ప్రక్కకు జారనీయదు. రెంటి నడుమ చిక్కిన పడవకు ముందుకు పోవుట తప్ప గతిలేదు. నేరుగా గాలి ముఖములోనికి పోజాలదు గాని, తిరుమల ఘాటు దారివలె వంకరలు తిరుగుచు ఎక్కును. మన పడవకు ఆ రెక్క లేదు. ఉన్నచో ఇసుకమేటలపై నిలిచిపోవును. ధవళేశ్వరము ఆనకట్ట (1847-1852) పిమ్మట త్రవ్విన కాలువలలో పడవలే మన బండ్లుగా నున్న దినములలో, గాలి యనుకూలించిన తెరచాప ఎత్తుట, లేనిచో గట్టుమీది మనుష్యులు త్రాడుపట్టి లాగుట వాడుక. ఏ నీటికి తగిన పడవ ఆ నీటిది.

"ఆ పెద్ద పడవ మాత్రము బోల్తాపడదా?" అని అత్తగారు మెల్లగా నడిగిరి. దానికి తంజావూరు బొమ్మయే జవాబు. ఎన్నిమారులు త్రోసినను అది లేచి నిలుచుటకు కారణము అడుగున నున్న బరువు. ఇట్టి పడవలకును కీల్‌లో సీసమో ఇనుమో పోయుదురు. పెక్కింటిలో మొత్తము బరువున మూడవవంతు అదియే. గాలికి ప్రక్కకు వ్రాలినకొలదియు ఆ బరువు దానిని తిరిగి నిలుపును.

వేగముకొరకు ఇంకొక చిక్కు కలదు. కదలు పడవ ముందొక అల, వెనుకనొక అల లేపుకొని, ఆ రెంటి నడుమ తానే బందీయగును. నీటిని తాకు పొడవు 25 అడుగులైన గంటకు సుమారు 6.7 సముద్రపు మైళ్లు, 36 అడుగులైన 8 మైళ్లు దాని హద్దు. సముద్రపు మైలనగా 1,852 మీటర్లు. మిక్కిలి తేలికైన పడవలు ఈ హద్దును దాటి అలలపై పరుగెత్తగలవు. అందుచే పందెపు పడవలో లోపల అంతయు బోడిగా నుంచుదురు. యాత్రాపడవకు మంచినీటి తొట్టి, వంటయిల్లు, పడకలు కావలెను. బరువు పెరిగి నడక మందమగును. ఈ రెంటికి నడుమ పుట్టినది క్రూజర్ రేసర్ అను జాతి. అది సెలవులకు ఇల్లు, పందెమునాడు గుఱ్ఱము. బరువైన సామానులు పడవ కొనలయందుగాక నడుమను, క్రిందను సర్దినగాని అలపై కుదుపు తగ్గదు. పొయ్యిని ఊయలవలె వ్రేలాడగట్టుదురు. పడవ ఎటు వ్రాలినను గిన్నె తొణకదు. ఇంటిని సర్దుకొను చేతులకు ఈ విద్య పరాయిది కాదని మాకు తోచినది. పందెములలో ప్రతి పడవకు కొలతలనుబట్టి యొక గుణకము నిర్ణయించి, పట్టిన కాలమును దానితో గుణింతురు. కావున ముందు చేరినదే గెలిచినదనుటకు వీలులేదు.

తారిణి పందెపు పడవ కాదు, దీర్ఘయాత్రకు కట్టినది. హాలండు దేశపు వాన్ డి స్టాట్ సంస్థవారి నమూనాపై గోవాలో నిర్మింపబడి 2017 ఫిబ్రవరిలో నౌకాదళమున చేరెను. పొడవు సుమారు 55 అడుగులు. ఆ యేడు సెప్టెంబరు 10న వర్తికా జోషీగారి నాయకత్వమున ఆరుగురు స్త్రీలు గోవానుండి బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతిగారు, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యగారు మన తెలుగు పడుచులు. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఫాక్లండు దీవులు, దక్షిణాఫ్రికాలలో ఆగి, దారిలో చుక్కాని యంత్రము చెడగా మారిషసులో బాగుచేయించుకొని, 254 దినములకు 2018 మే 21న గోవా చేరిరి. దక్షిణ సముద్రముల పడమటిగాలిని వెన్నుకు తీసికొను దారి అది. అయినను అన్ని దినములును వెనుకగాలి దొరకునా? మరల 2024 అక్టోబరు 2న దిల్నా, రూపా అను ఇరువురే అదే పడవలో బయలుదేరి, 2025 మే 29న క్షేమముగా తిరిగివచ్చిరి.

తిరుగుప్రయాణమున నరసాపురపు చుట్టములను చూచుటకై సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కితిమి. ఈమారు మేము కన్నులు మూసికొనలేదు. అల ఎక్కడ లేచుచున్నది, గాలి ఎటు వీచుచున్నది అని అమ్మాయి చూపుచుండ చూచుచుంటిమి. గుండె కొట్టుకొనుట మాత్రము మానలేదు. నడిగోదావరిలో అమ్మాయి "బామ్మా! నేనును తెరచాప పడవ నడపనా?" అనెను. అత్తగారు చాలసేపు నీటివంక చూచి, "ఆ పిల్లలందరికిని ఈత వచ్చునా?" అని మా యింటివారి నడిగిరి. "రాకున్న పడవ ఎక్కనీయరమ్మా" అని వారు చెప్పిరి. "మా మేనత్తకు రాదు" అని మాత్రమని ఆమె ఊరకుండిరి.

ఇల్లు చేరిన మరునాడు అత్తగారు దొడ్డిలోని కొబ్బరిరాశి కడ కూర్చుండి, బాగుగా ఎండి తేలికైన కాయలు రెండు ఏరిరి. పీచుతో జంటగా కట్టి, వేసవి సెలవులలో చెరువునకు పోవునప్పుడు అమ్మాయి నడుమునకు కట్టవలెనని చెప్పి, చావడిలోని చిలుకకొయ్యకు తగిలించిరి.