ఒత్తులకు చోటేదీ?

నేను చదివే పేపరు పోయిన ఆదివారం నుంచి రూపు మార్చుకుంది. అక్షరం సన్నబడింది. నల్లటి సిరా బూడిదరంగులోకి దిగింది. గళ్ల నుడికట్టు తన పేజీ వదిలేసి ఎక్కడికో పోయింది. సోమవారం పొద్దున మా ఊరి శాఖా గ్రంథాలయంలో దీని గురించి తప్ప మరో మాట లేదు. రిటైరైన లెక్కల మాస్టారొకరు పేపరు మడత విప్పి, మళ్లీ మడిచి, "ఇది మన పేపరేనటయ్యా?" అని గ్రంథపాలకుణ్ణి అడిగారు. ఆ "మన" అన్న మాట నన్ను పట్టుకుని వదలడం లేదు.

పెద్దవాళ్లకు మార్పు గిట్టదని కుర్రాళ్లు తేలిగ్గా అనేస్తారు. నేనొప్పుకోను. ఇరవై ఏళ్లు ఒకే పేపరు చదివినవాళ్లకు ఏది ఎక్కడుంటుందో కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. పోపుల డబ్బాలో గిన్నెలు ఎవరో అటూ ఇటూ మార్చేస్తే, నూనె కాగుతుంటే ఆవాలు చేతికి దొరకవు. అప్పుడు విసుక్కున్న మనిషిని మార్పు గిట్టని మనిషి అంటామా?

లండన్ టైమ్స్ మొదటి పేజీ నిండా తరతరాలుగా చిన్న ప్రకటనలే ఉండేవి. 1966 మే 3న వాటిని లోపలికి పంపి అక్కడ వార్తలు వేశారు. 2005 సెప్టెంబరులో గార్డియన్ కొలత తగ్గించుకుని బెర్లినర్ సైజుకు మారినప్పుడు డూన్స్‌బరీ అనే బొమ్మల వరసను తీసేసింది. పాఠకులు ఊరుకోలేదు. కొద్దిరోజుల్లోనే దాన్ని వెనక్కి తేవాల్సి వచ్చింది. ఒక్క కార్టూన్ కోసం అంత గొడవా అని నాకనిపించదు. రోజూ అరుగు మీద కనబడే మనిషి కనబడకపోతే ఏమయ్యాడని అడగమూ!

నా అసలు బాధ అక్షరం గురించి. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఒక గీత మీద బుద్ధిగా కూచుంటాయి. మనవి అలా కావు. పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోచోట దాని కింద మరో ఒత్తు. "రాష్ట్రం" అని రాసి చూడండి: ష కింద ట ఒత్తు, దాన్ని చుట్టుకుని క్రావడి. వరసకూ వరసకూ మధ్య జాగా లేకపోతే ఇవన్నీ ఎక్కడ కాళ్లు చాపుకోవాలి? పేజీకి నాలుగు వరసలు ఎక్కువ పట్టించడానికి ఆ జాగానే కోసేశారు. ఇప్పుడు పై వరస ఒత్తు కింది వరస గుడి మీద పడుతోంది. ద కింద చిన్న గీత ఉంటే ధ, దాని కడుపులో చుక్క పెడితే థ. ఆ చుక్క బూడిదరంగులో కలిసిపోతే "కథ" కాస్తా "కధ" అయి కూచుంటుంది. పిల్లలు అదే చూసి అదే రాస్తారు. కంప్యూటర్లో తెలుగు అక్షరం కుదురుగా నిలవాలని పోతన, వేమన ఖతులు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన తిరుమల కృష్ణ దేశికాచార్యుల వంటివారి శ్రమ ఎంతటిదో, ఇలాంటి పేజీ చూసినప్పుడు తెలిసివస్తుంది.

మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. నలభై దాటాక, నాన్న తెచ్చే చందమామతో చదవడం నేర్చుకుంది. సంచిక చేతికి రాగానే మొదట శంకర్ గారి బొమ్మ కోసం తిప్పేది. భుజాన శవం, చేతిలో కత్తి, అదే విక్రమార్కుడు. ఆయన ఆ పేజీలో ఉన్నాడని చూసుకున్నాకే మొదటి కథకు వచ్చేది. వరస కింద చూపుడువేలు ఆనించి, ఒత్తు తగిలినచోట ఆగి, "ఇదేం ఒత్తురా?" అని నన్నడిగేది. నేను చెప్పగానే మరిచిపోకుండా దాని కింద గోటితో గీసుకునేది. అట్టలు ఊడిన ఆ సంచికలు అటక మీదున్నాయి. నిన్న ఒకటి దించాను. "లక్ష్మి" అన్న మాట కింద, మ ఒత్తుకు కొంచెం ఎడంగా, గోటి గీత అలాగే ఉంది.