నాన్న ఆదివారం

నాన్నకి స్టెంట్ వేశాక డాక్టర్ గారు వేపుళ్లు మానేయమన్నారు. కోడివేపుడు లేకపోతే నాన్నకి అది ఆదివారమే కాదు. జీతం పడగానే ఎయిర్ ఫ్రయర్ కొన్నా.

మొదటిసారి బ్రెస్ట్ ముక్కల్ని 200 డిగ్రీల్లో 25 నిమిషాలు పెట్టేశా. పీచులా వచ్చాయి. నాన్న ఏమీ అనలేదు. మంచినీళ్లు తాగుతూ మింగాడు. తిట్టినా బాగుండేది.

బగ్ ఎక్కడుందా అని వెతికితే, మెషిన్‌లో కాదు, నా దగ్గరే ఉంది. బ్రెస్ట్‌లో కొవ్వు తక్కువ. కాస్త ఎక్కువ ఉడికినా నీరంతా పోతుంది. పైగా ఒక పక్క లావు, ఒక పక్క పల్చన. పల్చటి పక్క ముందే ఎండిపోతుంది.

తర్వాతి ఆదివారం ముక్కల్ని అప్పడాల కర్రతో కొట్టి ఒకే మందానికి తెచ్చా. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, కొంచెం ఉప్పు పట్టించి 2 గంటలు ఫ్రిజ్‌లో పెట్టా. చెంచా నూనె రాసి 190 డిగ్రీల్లో 12 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పా. థర్మామీటర్ గుచ్చితే లోపల 74 డిగ్రీలు. ఉడికినట్టే. వెంటనే కోయకుండా 5 నిమిషాలు ఆగా.

నాన్న నమిలాడు. నీళ్ల గ్లాసు ముట్టుకోలేదు.

"మీ అమ్మ వేపుడులా లేదురా" అన్నాడు. ప్లేటు నా వైపు జరిపి, "ఇంకో ముక్క వెయ్యి."