మూడో కాపీ

మా ఇంట్లో సర్వర్ ఉందంటే మిత్రులు నవ్వుతారు. చిన్నప్పుడు నాకూ సర్వర్ అంటే హోటల్లో టీ తెచ్చిచ్చే కుర్రాడే. నిజానికి ఇదీ ఆ పనే చేస్తుంది. ఇంట్లో ఎవరు ఏ ఫోన్లోంచి ఏ ఫైలు అడిగినా తెచ్చి ముందు పెడుతుంది. 2015లో ఒక పాత డెస్క్‌టాప్‌కి మానిటర్ పీకేసి, రెండు హార్డ్‌డిస్కులు బిగించి, అమ్మీ నమాజు చేసుకునే గదిలో బల్లకింద పెట్టాను. పదేళ్లు రాత్రింబవళ్లు నడిచింది. పోయిన వానాకాలం ఒక రాత్రి టిక్‌టిక్‌మని చప్పుడు మొదలైంది. తెల్లారేసరికి పెద్ద డిస్కు చచ్చిపోయింది. విప్పి చూస్తే బోర్డు మీద ఉప్పుగాలి తిన్న పచ్చటి మరకలు. దాని స్థానంలో కొత్తది పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పనిలో కూర్చున్నాకే మా ఇంటి గురించి నాకొక సంగతి తెలిసింది. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది విశాఖ వన్‌టౌన్. మేడెక్కితే ఒక కొండ మీద దర్గా, ఒక కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒక కొండ మీద చర్చి కనిపిస్తాయి. ఈ మూడు కొండల్నీ చూపించి మతసామరస్యం మీద నేనే ఎన్నో ఫీచర్లు రాశాను. ఆ ఫీచర్లలో రాయని మాటలు కొన్ని మిగిలిపోయాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. మేడ మీది రేకులు ఎగిరిపోయాయి. ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయి. అబ్బాజాన్ పోర్టులో టాలీ క్లర్కుగా చేరినప్పటి ఆర్డరు, ఇంటి దస్తావేజు, అమ్మీ నికానామా, మా స్కూలు సర్టిఫికెట్లు అన్నీ తడిసి ముద్దయ్యాయి. కరెంటు లేని ఇంట్లో దండేల మీద ఆరేశాం. ఆ వారం ఆఫీసులో ఒక మిత్రుడు "తుపానుకి కూడా మీవాళ్ల పేరేనా గురూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇలాంటిచోట నవ్వడం మాకు అలవాటు.

ఆ పేరు పెట్టింది ఒమాన్ దేశం. హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ. ఖురాన్‌లో నమ్ల్ సూరాలో సులైమాన్ ప్రవక్త కొలువులో ఉంటుంది. ఒకరోజు కొలువులో కనపడలేదు. సరైన కారణం చూపించకపోతే శిక్ష తప్పదన్నారు ప్రవక్త. అది సబా దేశం నుంచి వార్త మోసుకొచ్చి నిలబడింది. అంటే మా విలేఖర్లకి అది పెద్దన్న. కాగితాలన్నీ స్కాన్ చేసి సర్వర్లో పెట్టాక, ఆ మెషిన్‌కి ఆ పేరే పెట్టాను.

అప్పటికి అది తుపాను భయమే. రెండో భయం 2019లో వచ్చింది. ఆగస్టు 31న అసోంలో పౌరుల తుది జాబితా వచ్చింది. 19 లక్షల పైచిలుకు మంది పేర్లు అందులో లేవు. జాబితాకెక్కని వాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. దేశమంతటా ఇలాంటి జాబితా తీస్తామన్న మాట నవంబరులో పార్లమెంటులోనే వినపడింది. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లలో ఆరు మతాలవాళ్లకి అది దారి చూపింది. ఆ ఆరింట్లో మాది లేదు.

ఆ చలికాలమంతా మా ఇల్లు జెరాక్సు షాపే. చుట్టాలు ప్లాస్టిక్ సంచుల్లో కాగితాలు పట్టుకొచ్చేవాళ్లు. స్కాన్ చేస్తుంటే తెలిసింది, మా నాన్న ఒక్కడు కాదు, నలుగురు. ఓటరు కార్డులో షేక్, పోర్టు ఆర్డర్లో షైక్, రేషన్ కార్డులో షేఖ్, దస్తావేజులో ఇంటిపేరే లేదు. రాసినవాడికి ఎలా వినపడితే అలా రాశాడు. అన్నాళ్లూ అది నవ్వులాట. ఆ ఏడాది నుంచి నిద్రపట్టని సంగతైంది.

'కాగజాత్' అని ఒక ఫోల్డరు చేశాను. కంప్యూటరు వాళ్లలో ఒక నియమం ఉంది. ఏదైనా మూడు కాపీలుండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. తు.చ. తప్పకుండా పాటించాను. సర్వర్లో ఒకటి. రోజూ రాత్రి రెండు గంటలకి దానంతటదే రెండో డిస్కులోకి ఒకటి. నెలకోసారి పెన్‌డ్రైవులో ఎక్కించి గాజువాకలో ఆపా ఇంటికి ఒకటి.

ఆ జాబితా ఇక్కడికి రాలేదు. భయం మాత్రం వచ్చి మా బల్లకింద ఉండిపోయింది.

డిస్కు చచ్చిన పొద్దున చుట్టాల ఫోన్లన్నీ ఒకటే ప్రశ్న. "కాగితాలు ఉన్నాయా?" ఉన్నాయన్నాను. అమ్మీ మాత్రం వేరే అడిగింది.

"మీ అబ్బా ఆవాజ్ ఉందిరా?"

లేదు.

జెద్దాలో ఉన్న చిచ్చాకి అబ్బా ఉత్తరాలు రాసేవాడు కాదు, క్యాసెట్టులో మాట్లాడి పంపేవాడు. చిచ్చా తిరిగొచ్చేసినప్పుడు ఆ క్యాసెట్లు తెచ్చిచ్చాడు. హుద్‌హుద్‌లో అవీ తడిశాయి. ఒక్కటి ఆరబెట్టి, టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్లోకి ఎక్కించాను. తర్వాత టేపుకి బూజు పట్టిందని పారేశాను. నలభై నిమిషాల గొంతు. ఫైలు పెద్దది, రెండో డిస్కు చిన్నది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. పదేళ్లు అనుకున్నాను.

ఆ టేపులో అబ్బా 1966 సంగతులు చెప్పాడు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని అరుస్తూ కుర్రాళ్లతో కలిసి ఊరేగింపులో నడిచాడట. కాల్పుల్లో మనుషులు చచ్చిపోయిన రోజు ఇంటికి ఏ సందుల్లోంచి పరిగెత్తాడో చిచ్చాకి గుర్తుచేశాడు. ఆంధ్రుల హక్కు అని అరిచేటప్పుడు నువ్వు ఆంధ్రుడివేనా అని ఆయన్నెవరూ కాగితం అడగలేదు. ఉక్కు ఫ్యాక్టరీ 1992లో జాతికి అంకితమైంది. 2021 జనవరిలో దాన్ని పూర్తిగా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు అందులోనే పనిచేసే మా బావ మళ్లీ అదే నినాదం చేశాడు. మేం ఈ ఊరివాళ్లం అనడానికి నా దృష్టిలో ఇంతకంటే రుజువు లేదు. ఏ ఆఫీసూ తీసుకోదు గనకే దానికి నేను రెండో కాపీ చేయలేదు.

ఇదే నాకు తెలిసొచ్చిన సంగతి. మా ఇంట్లో ఏది మిగలాలో, ఏది పోయినా ఫర్వాలేదో ఆ భయం తేల్చింది. ఎవడో అడుగుతాడేమోనన్న కాగితాలకి మూడు కాపీలు. ఎవడూ అడగని మా నాన్న గొంతుకి ఒక్కటి. నాకు తీరిక లేక కాదు. తీరికంతా రుజువులకి పోయింది. మా వాళ్ల చదువులు, రాతలు, సభలు చూసినా ఇదే అనిపిస్తుంది. మేం ఎవరిమో చెప్పుకోవడానికి కూర్చుంటాం. మేం పరాయివాళ్లం కామని చెప్పి లేస్తాం.

కొత్త మెషిన్ డాబాగార్డెన్స్‌లో కొన్నాను. అరచేతికి కాస్త పెద్దది, కరెంటు తక్కువ తాగుతుంది. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు. ఒకదాంట్లో రాసింది వెంటనే రెండోదాంట్లోనూ పడుతుంది. మేనల్లుడు లైనక్స్ ఎక్కించి "ఇది అద్దం మామూ, కాపీ కాదు. ఇక్కడ చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది" అని హెచ్చరించాడు. కాగజాత్ ఇరవై నిమిషాల్లో వచ్చేసింది. నలుగురు నాన్నలూ క్షేమం. నా పాత తెలుగు వ్యాసాలు అను ఫాంట్లవి, తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు. ఉర్దూవి ఇన్‌పేజ్ లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు. వాటిని ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. ఆ పని ఇంకా సాగుతోంది.

నాలుగో రోజు ఆపా ఫోన్ చేసింది. ఎప్పుడో ఒక రంజాన్‌కి ఏడుపొచ్చి, అబ్బా టేపులో చిన్న ముక్క వాట్సాప్‌లో తన కూతురికి పంపిందట. నిమిషంన్నర. పంపించింది. ఊరేగింపు అందులో లేదు. అబ్బా చిచ్చాని అడుగుతున్నాడు: "ఆవకాయ్ మిల్యా క్యా రే? గీలా హాత్ నక్కో లగా, బూజు పకడ్‌తా." ఆవకాయ అందిందా, తడిచెయ్యి పెట్టకు, బూజు పడుతుంది. హైదరాబాదు వాళ్లు మా ఉర్దూ విని నవ్వుతారు. తెలుగు మిత్రులు మా ఇంట్లో అందరం గజల్స్ మాట్లాడుకుంటామనుకుంటారు. మా భాష ఇది. బూజుకి మా ఇంట్లో ఉర్దూ మాట లేదు.

అమ్మీ మూడుసార్లు విని, "ఆ ఏడు కారం ఎక్కువైంది" అంది.

మేనల్లుడు కొత్త సర్వర్‌కి ఏం పేరు పెట్టాలని అడిగాడు. అదే పేరన్నాను. రాత్రి రెండు గంటలకి కాపీ అయ్యే వరస మాత్రం మార్పించాను. కాగజాత్ తీసేయలేదు, అంత ధైర్యం నాకు లేదు. దాన్ని రెండోది చేశాను. ముందు అబ్బా గొంతు కాపీ అవుతుంది.