నేలను బట్టి చక్రం

కోటి రూపాయల కారైనా, కాయల బస్తాలు మోసే బండైనా నేలను తాకేది చక్రంతోనే. మే నెలలో ఉరవకొండ మీదుగా ఒక్కసారి ప్రయాణం చేస్తే ఆ సంగతి బాగా తెలిసొస్తుంది!

మధ్యాహ్నం రెండు గంటలు. అనంతపురం నుంచి బళ్లారి వెళ్లే దారిలో యాభై కిలోమీటర్లు దాటాక, పడగ విప్పిన పాములాంటి రాతికొండ కనిపిస్తుంది. అదే ఉరవకొండ. ఉరగమంటే పాము. ఉరగాద్రే జనం నోట ఉరవకొండ అయిందంటారు. కొండ నీడన ఊరు, గవిమఠం, మగ్గాల ఇళ్లు. ఊరు దాటితే ఎర్రనేలలు, నల్లరేగళ్లు, వాటి మీద తిరిగే గాలిమరలు. ఏడాది మొత్తం మీద ఈ జిల్లాలో కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఎండకు మాత్రం కొదవలేదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి రోజున తారురోడ్డు 60 డిగ్రీలకు పైనే కాలుతుంటుంది. చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేని ఆ రోడ్డు మీద టైరు గంటల తరబడి పరుగెత్తాలి.

42వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది ఉరవకొండ దగ్గరే. అక్కడి నుంచి అనంతపురం, కదిరి, మదనపల్లె, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరి దాకా పోతుంది. ఈ దారి మీద లారీలు, బస్సులు, మిరప బస్తాల ట్రాక్టర్లు. అప్పుడప్పుడూ హంపీ వైపు దూసుకుపోయే పొట్టి స్పోర్ట్స్ కారు. అందరికీ ఎండ ఒకటే. చక్రాలు మాత్రం వేరు.

కాల్చి తొడిగిన పట్టా

వేసవికి తగ్గట్టు చక్రాన్ని సిద్ధం చేసుకోవడం ఈ నేలకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు చేలో పండిన వేరుశనగ ఇంటికి చేరింది కొయ్య చక్రాల ఎద్దుబండి మీదే. వడ్రంగి చక్రం చేస్తే, కమ్మరి దానికి ఇనుప పట్టా వేసేవాడు. చక్రం చుట్టుకొలత కన్నా పట్టాను కాస్త చిన్నదిగా చేసి, మంటలో ఎర్రగా కాల్చేవారు. వేడికి ఇనుము సాగుతుంది. అప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే... బుస్సుమని బిగుసుకుని, ఆకులన్నిటినీ ఒక్కటిగా పట్టేసేది. ఎండాకాలంలో కొయ్య ఎండి కుంచించుకుపోతే అదే పట్టా వదులయ్యేది. అందుకే చక్రాలను నీళ్లతో తడిపి మరీ బండి కట్టేవారు.

తర్వాత గాలి టైరు వచ్చింది. 1888లో జాన్ బాయ్డ్ డన్లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం తయారుచేసిన ఉపాయమది. ఆ టైరు ఎద్దుబండికీ ఎక్కాక ఎడ్లకు లాగుడు తేలికయింది. రబ్బరూ గాలీ కలిసి పనిచేసే ఆ పద్ధతే నేటి స్పోర్ట్స్ కారుదీనూ!

సమ్మర్ టైరంటే?

చలిదేశాల్లో కార్లకు రెండు జతల టైర్లుంటాయి. ఏడు డిగ్రీల కన్నా చలి పెరిగితే మామూలు రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు. అందుకని మెత్తటి వింటర్ టైర్లు వేస్తారు. చలి తగ్గగానే వాటిని తీసి సమ్మర్ టైర్లు బిగిస్తారు. ఉరవకొండలో ఆ గొడవే లేదు. సంక్రాంతి చలిలో కూడా ఇక్కడ సమ్మర్ టైరుకు ఢోకా లేదు.

అయితే అన్ని సమ్మర్ టైర్లూ ఒకటి కావు. రేసు ట్రాక్ కోసం చేసిన టైరు మరీ మెత్తన. మలుపుల్లో బంకలా పట్టుకుంటుంది కానీ త్వరగా అరిగిపోతుంది. గాళ్లు తక్కువ కాబట్టి తడి రోడ్డు మీద జారుతుంది. ఈ జిల్లాలో వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అప్పుడు అదే కారు అదే దారిన పోవాలిగా! రోజువారీ ప్రయాణానికి నీళ్లను పక్కకు నెట్టే లోతైన గాళ్లున్న టైరే మేలు. టైరు పక్కన ఉండే వేగం అక్షరాన్నీ చూడాలి. వి అంటే గంటకు 240 కిలోమీటర్లు, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300. ఆ వేగంతో ఇక్కడ ఎవరూ పోరు, పోకూడదు కూడా. కానీ ఆ వేగంలో పుట్టే వేడికి తట్టుకుంటుందని చెప్పే గుర్తు అది. కారు కంపెనీ చెప్పిన అక్షరం కన్నా తక్కువది వేయకూడదు.

అందం ఎంత... గోడ ఎంత?

అసలు తిరకాసు రిమ్ము దగ్గర. పెద్ద అలాయ్ వీల్ వేస్తే కారుకు అందం వస్తుంది. కానీ లెక్క చూడండి. 205/55 ఆర్ 16 అంటే టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. గోడ 113 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని బదులు 225/45 ఆర్ 17 వేస్తే గోడ 101కి తగ్గుతుంది. 225/40 ఆర్ 18 అయితే 90 మాత్రమే. మూడింటి మొత్తం ఎత్తు దాదాపు ఒకటే. రిమ్ము పెరిగినకొద్దీ రబ్బరు గోడ తరిగిపోతుందన్నమాట.

గోడ పొట్టిదైతే మలుపులో కారు ఊగదు. నున్నటి రోడ్డుకు అది బాగానే ఉంటుంది. గుంతలో పడితే మాత్రం దెబ్బ నేరుగా రిమ్ముకే. రిమ్ము వంగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. టైరు గోడ లోపలి దారాలు తెగి బొడిపె వస్తుంది. బొడిపె వచ్చిన టైరును మార్చాల్సిందే. చాలా స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ ఉండదు. పంచరు మందు డబ్బా చిన్న రంధ్రాన్ని పూడుస్తుంది కానీ చిరిగిన గోడను కాదు. ఇక ఆ సైజు టైరు చిన్న ఊరి దుకాణంలో దొరకడం కష్టం. పిల్లాపాపలతో కంపచెట్ల పక్కన, నీడ లేని రోడ్డు మీద పడిగాపులే గతి! ఈ దారులకు కంపెనీ ఇచ్చిన సైజుల్లో చిన్న రిమ్మే తెలివైన ఎంపిక. అదనంగా, బరువు తక్కువ రిమ్ముతో కారు చురుగ్గా కదులుతుంది కూడా.

ఆ రెండు పాయింట్లు

‘‘ఎండలెక్కువ గదప్పా, రెండు పాయింట్లు తక్కువ పట్టు...’’ వేసవి వస్తే పంచరు షాపుల దగ్గర వినిపించే మాట ఇది. గాలి వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి తగ్గిస్తే మంచిదనే నమ్మకం. ప్రాణం మీదికి తెచ్చేది ఈ నమ్మకమే!

గాలి తక్కువైతే టైరు గోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా నలుగుతుంది. తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కినట్టే రబ్బరూ వేడెక్కుతుంది. ఆపై బరువు, వేగం, కాలే రోడ్డు. లోపలి పొరలు విడిపోయి టైరు ఒక్కసారిగా పేలుతుంది. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే టైరులో ఒక పాయింటు పెరగడం సహజం. టైరు తయారీలోనే దానికి లెక్క ఉంటుంది. అందుకే వేడి టైరులోంచి గాలి తీయకూడదు. తెల్లవారుజామున టైరు చల్లగా ఉన్నప్పుడు, డోరు పక్కన అంటించిన పట్టీలో ఉన్నంత గాలి పట్టించాలి. వేసవైనా అంతే, చలికాలమైనా అంతే.

టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. గాళ్లు బాగున్నా ఎండకు రబ్బరు ముసలిదవుతుంది. ఆరేళ్లు దాటితే తెలిసినవాళ్లకు చూపించాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే ఆలోచించకుండా మార్చేయాలి.

అనంతపురంలో పొద్దున్నే అయిదు నిమిషాలు ఆగి గాలి చూసుకుని బయల్దేరిన కుటుంబానికి దారి హాయిగా సాగుతుంది. మధ్యలో పెన్నహోబిలం నరసింహస్వామి దర్శనం చేసుకోవచ్చు. ఆపైన పది పన్నెండు కిలోమీటర్లు పోతే కొండ పడగ ఎత్తి ఎదురొస్తుంది. చుట్టూ గాలిమరలు తిరుగుతుంటాయి. కారు కింద కూడా నాలుగు చక్రాల్లో సరిపడా గాలి ఉంటే... ఉరవకొండ ఎండ చూసి భయపడాల్సిన పనిలేదు!