ఒక కప్ప, ఒక రికార్డు పుస్తకము

కె.ఆర్.పురమున పాత మద్రాసు రోడ్డు ప్రక్కనున్న వెంగయ్యన కెరె చుట్టును ఇప్పుడు ఇండ్లును దుకాణములును క్రమ్ముకొన్నవి. మేమీ యూరు వచ్చిన క్రొత్తలో వానకాలపు రాత్రులందు కప్పల బెకబెకలు ఆ చెరువు దిక్కునుండి మా పెరటిదాక వినవచ్చుచుండెను. దూరవాణినగరులోని ఐ.టి.ఐ. కర్మాగారమున పనిచేసిన మా మామగారు, "వెంగయ్య అన్న పేరు వింటే మనవాడే అనిపిస్తుంది" అని నవ్వెడివారు. ఒక కప్ప మా యింటి నెమ్మదిని చెరచునని నాడెవ్వరనుకొందురు?

మా అక్క కుమార్తె 1998లో మా యింటనే యుండి నగరములోని యొక కళాశాలలో బి.యస్సీ. చేరినది. రసాయన, వృక్ష, జంతు శాస్త్రములామె పాఠ్యములు. మాది వైష్ణవాచారము పాటించు కుటుంబము. నావంటివాడు హోటలు కాఫీకి లొంగిపోయి ఆచారమును పండుగ దినములకు పరిమితము చేసికొన్నాడు గాని, ఆ పిల్ల యట్లు గాదు. మెడలో తులసిపూస, ఏకాదశినాడు ఉపవాసము, ప్రాణిని తన చేత చంపనని పదునాలుగవ యేట పట్టిన వ్రతము. మొదటి సంవత్సరము వానపామును, బొద్దింకను ఎట్లో తప్పించుకొన్నది. ప్రక్కపిల్ల కోయగా తాను రికార్డు పుస్తకములో బొమ్మ గీసినది. రెండవ సంవత్సరమున కప్ప వచ్చెను. పరీక్షలో ఎవరి పళ్లెము వారిదే.

ఆ పని యెరుగనివారికి చెప్పెదను. క్లోరోఫారముతో స్పృహ తప్పించిన కప్పను మైనపు పళ్లెములో వెల్లకిల పరుండబెట్టి, కాళ్లకు గుండుసూదులు గ్రుచ్చి, పొట్టను నిలువుగా కోసి, లోని యవయవములు చెడకుండ చూపవలెను. పొట్ట తెరచిన తరువాత కూడ గుండె కొంతసేపు కొట్టుకొనుచునే యుండును. ఇది చేయనివారికి ప్రయోగ పరీక్షలో మార్కులు లేవు. ఆ మార్కులు లేక పట్టము లేదు.

అధ్యాపకుడు దుర్మార్గుడు గాడు. "ఇంట్లో బొద్దింకల్ని చంపరా, తల్లీ?" అని యడిగెనట. "చంపితే తప్పే సార్. కాని దానికి మార్కులు అడగం కదా" అని యీమె బదులు. నేను పోయి మాటాడితిని. "నియమం నేను రాసింది కాదండీ. ఒకరికి సడలిస్తే అందరూ వ్రతాలు పట్టుకొస్తారు" అనెను. ఆ తరగతిలోనే చేరిన యొక జైన బాలిక అప్పటికే కామర్సునకు మారిపోయినది.

ఇక నచ్చజెప్పు భారము నాపై పడెను. భారతములోని ధర్మవ్యాధుని కథ యెత్తితిని. మాంసమమ్ముకొని జీవించువాడే కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము బోధించెను గదా, వృత్తిధర్మమున దోషమేమి యని వాదించితిని. ఆమె తలయెత్తి, "ఆయన అమ్మాడు గాని తన చేత్తో చంపలేదు కదా, మామయ్యా" అన్నది. నిజమే. ఆ మాట ఆరణ్యపర్వములో ఆ వ్యాధుడే స్వయముగా చెప్పుకొన్నాడు. కథను సగము చదివి ఉపదేశమునకు దిగిన నాకు నోట మాట రాలేదు. అయినను తుదకు, "మూడేండ్ల చదువు పాడు చేసుకోకు. దేవుడికి దణ్ణం పెట్టుకొని కోసేయ్" అంటిని.

కోసినది. మంచి మార్కులే వచ్చినవి. పరీక్షనాడు ఇంటికి వచ్చి, తలస్నానము చేసి, మెడలోని పూసను తీసి దేవుని పీఠముపై నుంచినది. మరల ధరింపలేదు. ఎందుకని యెవరును అడుగలేదు. నేను అసలే అడుగలేదు. ఎం.యస్సీ.కి వృక్షశాస్త్రము తీసికొన్నది.

తరువాతి కాలమున ఈ చిక్కును గూర్చి దొరకినదెల్ల చదువుట నాకొక అలవాటైనది. మన సుశ్రుతుడు శరీరమెరుగవలెనన్న శవమును పరిశీలింపక తప్పదనెను. కాని కత్తి వాడుమనలేదు. కళేబరమును గడ్డితో, నారతో చుట్టి, పంజరములో నుంచి, మెల్లగా పారు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, ఆ పిదప వట్టివేరు, వెదురు మొదలగువాని కుంచెలతో పొర వెంట పొరగా తొలగించి చూడుమనెను. శవస్పర్శకు జంకు సమాజములో నుండియే, జంకును త్రోసివేయక, చదువును విడువక, ఆయన యొక త్రోవ కనుగొన్నాడని నాకు తోచుచున్నది. 1836లో కలకత్తా వైద్యకళాశాలయందు పండిత మధుసూదన గుప్త కత్తియే పట్టెను. ఆయన చేసినది సరియే యని నా యభిప్రాయము. రేపు రోగి ప్రాణము ఎవని చేతిలో నుండునో వాని వ్రతము ఆ రోగికి లోబడవలసినదే. కాని ముందు వృక్షశాస్త్రము చెప్పుకొని బ్రతుకబోవు పిల్ల కప్పను కోయకున్న ఏ రోగికి నష్టము?

ఇట్టి ప్రశ్నయే కాలిఫోర్నియాలో 1987లో జెనిఫర్ గ్రహామ్ అను శాకాహార విద్యార్థిని వేసినది. పాఠశాల మార్కు తగ్గింపగా న్యాయస్థానమునకెక్కినది. సహజముగా చచ్చిన కప్పను తెచ్చి యిచ్చినచో ఆమె కోయవచ్చునని న్యాయమూర్తి తీర్పు! చెరువుగట్టున నిలచి ముసలికప్ప కన్నుమూయుటకై ఎదురుచూచు గుమాస్తాను తలచుకొని నేను చాల నవ్వితిని. కాని 1988లో ఆ రాష్ట్రమున, అభ్యంతరము గల విద్యార్థికి వేరు మార్గము చూపుటకు చట్టము వచ్చెను. ఆ నవ్వు నాకు మిగులలేదు. అప్పటికి పదేండ్ల తరువాత గదా నేను మా పిల్లతో "కోసేయ్" అన్నది.

మన దేశమున యు.జి.సి. అనబడు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2011లో డిగ్రీ విద్యార్థులు కోయనక్కరలేదనియు, అధ్యాపకుడొక్కడు ఒక్క జాతిని కోసి చూపిన చాలుననియు మార్గసూచిక లిచ్చెను. 2014లో జంతుశాస్త్ర ప్రయోగశాలలలో ఆ కోతలను పూర్తిగా మాన్పించెను. ఇందుకు ప్రధాన కారణములు జీవహింసానివారణ, ప్రకృతిలో తరుగుచున్న ప్రాణుల రక్షణ. మా పిల్ల వంటివారి వ్రతములు గావు. కప్పలు తరిగినవని తెలిసికొనుటకు నాకు ఉత్తరువు అక్కరలేదు. మా పెరటిలో వానకాలపు రాత్రులు నిశ్శబ్దమై చాలకాలమైనది.

ఆ వార్తను పత్రికనుండి కత్తిరించి మేనకోడలికి పంపితిని. అప్పటికామె మరియొక యూర వృక్షశాస్త్రము బోధించుచుండెను. క్షమాపణ చెప్పవలెనని రెండు పంక్తులు వ్రాసి కొట్టివేసి, కత్తిరించిన ముక్కను మాత్రమే కవరులో నుంచితిని. ఆమె జాబు పది దినములకు వచ్చెను.

"పుస్తకంలో చదివినవి చాలా మరిచిపోయాను, మామయ్యా. కప్ప గుండెకు మూడు గదులని మాత్రం మరవలేదు, కళ్లారా చూశాను గనక. అలా తెలుసుకున్నందుకు సంతోషించాలో వద్దో ఇప్పటికీ తేలలేదు. నా పూస ఇంకా మీ ఇంట్లోనే ఉందా?"

ఉన్నది. పీఠము తుడిచినప్పుడెల్ల వాళ్ల అత్తయ్య దానిని తీసి, తుడిచి, ఆ చోటనే మరల పెట్టుచున్నది.