రెండక్షరాల తోక

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాడికి ఇంగ్లీషుతో పనేమిటని మీరడగవచ్చు. యోగ్యతాపత్రాలు ఇంగ్లీషులోనే రాయాలి మరి!

నా ఉద్యోగం తాడేపల్లిగూడెంలో, కాపురం ఏలూరులో. రోజూ రైలు ప్రయాణమే. పోయిన వానాకాలంలో, కొల్లేటి లంకనుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు యోగ్యతాపత్రం రాసిమ్మని వచ్చాడు. హైదరాబాదులో ఏదో ఉద్యోగమట. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించినప్పుడు వాళ్ళ నాన్నకున్న వాటా కాస్తా పోయింది. ఇక ఆ ఇంటికి వీడే ఆధారం. అందుకని మనసుపెట్టి రాశాను. బాగా కష్టపడతాడని నొక్కి చెప్పడానికి, ‘హీ వర్క్స్ హార్డ్‌లీ’ అన్నాను.

మూడోనాడు మళ్ళీ వచ్చాడు.

‘‘వానలో తడిసిపోయిందండి మాస్టారూ. ఇంకొకటి రాసిస్తారా?’’

దానికేం భాగ్యమని, పొల్లు పోకుండా అదే రాసిచ్చాను. నాలుగు రోజులకు ముచ్చటగా మూడోసారి! ఈమాటు టైపు చేయించి తెచ్చాడు. ‘‘మీకు శ్రమెందుకని... సంతకం పెడితే చాలండి.’’ చదివి చూస్తే అంతా నా రాతే. ఒక్క ‘లీ’ లేదు.

‘‘లీ ఏమైందిరా?’’

తల వంచుకున్నాడు. ‘‘అది ఉంటే... నేను పని చేసేదే అంతంతమాత్రమని అర్థం వస్తుందండి.’’

పాతికేళ్ళ పిల్లలకు వ్యాకరణం చెప్పేవాణ్ణి! ఆ సాయంత్రం రైల్లో కూర్చుంటే తప్పు ఎక్కడ పుట్టిందో తోచింది. మన ‘గా’లో పుట్టింది. ఆటపాక దగ్గర గూడబాతు అందంగా ఎగురుతుంది, అందంగా కనిపిస్తుంది. మనకు రెండూ ఒకటే. ఇంగ్లీషువాడు ఎగిరినప్పుడు ‘బ్యూటిఫుల్లీ’ అంటాడు, కనిపించినప్పుడు ‘బ్యూటిఫుల్’ అనే అంటాడు. మొదటి అందం ఎగరడానిది, రెండోది పక్షిది. ‘లుక్స్’ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడండి. అర్థం చెడకపోతే తోక అక్కర్లేదు. ‘లుక్డ్ యాంగ్రీ’ అంటే కోపంగా కనిపించాడు, ‘లుక్డ్ యాంగ్రిలీ’ అంటే కోపంగా చూశాడు. మన ‘కోపంగా’ రెండుచోట్లా ఒదిగిపోతుంది. మనకు ‘అందమైన’లోని ‘ఐన’, ‘అందంగా’లోని ‘గా’ ఒక్క ‘అగు’ ధాతువు బిడ్డలే కదా!

మరి ‘హార్డ్’ సంగతి? అది పనికి చెందిందే, అయినా తోక తగిలించుకోదు. ‘ఫాస్ట్’ కూడా అంతే. పూర్వం ‘హార్డ్‌లీ’కి గట్టిగా, కష్టంగా అనే అర్థమే ఉండేదట, రానురాను జారిపోయింది. నేను పుట్టడమే కొన్ని వందల ఏళ్ళు ఆలస్యమైంది!

ఈ పాండిత్యమంతా తర్వాత వచ్చింది. అప్పుడు మాత్రం నోట మాట రాక సంతకం పెట్టాను.

‘‘దరఖాస్తుకు గడువెప్పుడురా?’’

‘‘రేపేనండి.’’

‘‘మొదటిరోజే చెప్పకపోయావా?’’

‘‘మీతో ఎలా చెబుతానండీ?’’

తడిసిన కాయితం ఏదని అడిగాను. సంచీలోంచి రెండూ తీసి బల్లమీద పెట్టాడు. నలిగిన మడతైనా లేదు, వాటిమీద చినుకు పడిన జాడ లేదు.